పదమూడు అంకెలలో పనికొచ్చేది ఒకటే: ఇంటి స్మార్ట్ బరువు యంత్రంపై సమీక్ష

కేలరీలు లెక్కపెట్టి తినేవారికి రోజు చివర ఒక అంకె దొరుకుతుంది. ఆ అంకె నిజానికి ఎంత దగ్గరగా ఉందన్నది వేరే విషయం గాని, హద్దు దాటామో లేదో చెప్పే సాధనం ఒకటి చేతిలో ఉందన్న ధీమా వారికి ఉంటుంది. ఆ లెక్క వద్దనుకున్నవారికి మిగిలే ఆధారాలు ఆకలి, కడుపు నిండిన తృప్తి, బట్టల బిగువు, బరువు. మొదటి రెండూ పూటపూటకూ మారతాయి. బట్టలు చెప్పేసరికి చాలా ఆలస్యమవుతుంది, సాగే గుణమున్న బట్టలైతే అసలే చెప్పవు. అందువల్ల ఆహారపు చిట్టా రాయకుండా బరువును నిలుపుకోవాలనుకునే ఇంట్లో ఒక నమ్మకమైన బరువు యంత్రం ఉండాలని నా అభిప్రాయం. నేను వాడుతున్నది గాజు పలక రకం స్మార్ట్ యంత్రం. బ్లూటూత్ ద్వారా ఫోనుకు కలిసి, బరువుతో మొదలుపెట్టి కొవ్వు శాతం, కండరాల బరువు, ఎముకల బరువు, నీటి శాతం మీదుగా ‘జీవక్రియ వయసు’ వరకు పదమూడు అంకెలను చూపిస్తుంది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరగతి యంత్రాలన్నీ లోపల దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి కాబట్టి, పెట్టె మీది పేరు మారినంత మాత్రాన నేను చెప్పబోయే మంచిచెడ్డలు పెద్దగా మారవు.

నా తీర్పును ముందే చెబుతాను. బరువు చూసే యంత్రంగా ఇది చాలా మంచిది. యాప్ గీసే సగటు రేఖ కోసం దీనిని కొనవచ్చు. మిగిలిన పన్నెండు అంకెలను చూడకపోయినా నష్టం లేదు, కొన్నింటిని చూడకపోవడమే మేలు. యాప్‌లో ఉచితంగా వచ్చే ఆహార చిట్టా, కేలరీల లక్ష్యం అనే విభాగాలను మొదటి రోజే ఆపివేయడం మంచిది.

గాజు పలక నాలుగు మూలల కింద నాలుగు పాదాలు ఉంటాయి. ఒక్కొక్క పాదంలో బరువు పడినప్పుడు అతి స్వల్పంగా వంగే లోహపు ముక్క, దానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్ ఉంటాయి. లోహం వంగిన కొద్దీ గేజ్ విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పునే యంత్రం కిలోలుగా చూపిస్తుంది. సూత్రం సరళమైనది, పాతది, నమ్మదగినది. అయితే నాలుగు పాదాలూ గట్టి నేల మీద సమంగా ఆనినప్పుడే ఇది నిజం చెబుతుంది. తివాచీ మీదో, మెత్తటి చాప మీదో, గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నచోటో పెడితే అంకె తేలికగా తప్పుతుంది. కొని తెచ్చిన రోజే దానికి ఒక చదునైన చోటు చూసి, రోజూ అక్కడే వాడడం ఉత్తమం. తెర మీద 50 గ్రాముల తేడా కూడా కనబడుతుందంటే 50 గ్రాముల వరకు ఖచ్చితమని అర్థం కాదు. చిన్న తేడాను చూపించగలగడం వేరు, చూపించిన అంకె నిజమై ఉండడం వేరు. ప్రకటనలు ఈ రెండింటినీ కలిపి చెబుతుంటాయి. బరువును నిలుపుకునే పనికి నిజమైన బరువు కంటే రేపు కూడా ఈ రోజులాగే కొలవడం ముఖ్యం. యంత్రం ఎప్పుడూ అరకిలో ఎక్కువే చూపిస్తున్నా, ఆ అరకిలో రోజూ అలాగే ఉంటే రేఖ దారి చెడదు.

ఇక్కడ కొనుగోలుదారులు తప్పక చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. కొన్ని నమూనాలలో ఒక మాయ ఉంటుంది. కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు నిలబడినప్పుడు కొత్త బరువు పాతదానికి దగ్గరగా ఉంటే, యంత్రం కొత్తగా కొలిచినదాన్ని పక్కన పెట్టి పాత అంకెనే మళ్లీ చూపిస్తుంది. వాడేవారికి అది గొప్ప నిలకడలా కనబడుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒకసారి బరువు చూసుకుని దిగి, అరలీటరు నీళ్లున్న సీసాను చేతిలో పట్టుకుని మళ్లీ ఎక్కాలి. అంకె దాదాపు అరకిలో పెరగాలి. ఏమీ మారకపోతే ఆ యంత్రాన్ని వెనక్కి ఇచ్చేయడమే సరి. నా దగ్గరున్నది అరలీటరు పరీక్షలో నెగ్గింది. సీసాలో సగం తీసేసి చూసినప్పుడు కూడా తేడాను గుర్తించింది. ఇంతకుముందు వాడిన మరో యంత్రం ఈ పరీక్షలో నిలబడలేదు.

యంత్రం బాగున్నా బరువు మాత్రం నిలకడగా ఉండదు. కొత్తగా వాడేవారిని ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషి బరువు ఒక రోజుకీ మరుసటి రోజుకీ కిలో, ఒక్కోసారి రెండు కిలోల వరకు కూడా తేడా చూపించవచ్చు. అందులో కొవ్వు వాటా చాలా తక్కువ. కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం ఒక్కొక్క గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని తన వెంట పెట్టుకుంటుంది. పిండిపదార్థాలు ఎక్కువ తిన్న మరునాడు బరువు పెరగడానికీ, తగ్గించిన మొదటి వారంలో బరువు గబగబా పడిపోవడానికీ ఇదే ముఖ్యకారణం. ఉప్పు ఎక్కువైన భోజనం, నెలసరికి ముందు రోజులు, గట్టి వ్యాయామం తరువాత కండరాలలో చేరే నీరు, పేగులలో ఇంకా ఉన్న ఆహారం, వీటన్నిటికీ బరువులో వంతు ఉంది. మరోవైపు, ఒక కిలో శరీర కొవ్వులో ఉండే శక్తి సుమారు 7,700 కిలోకేలరీలు (ఆహారం విషయంలో మామూలుగా కేలరీ అనేది దీన్నే). ఒక్క రాత్రి విందులో, మామూలు భోజనానికి పైన అంత అదనంగా తినడం దాదాపు అసాధ్యం. కనుక తెల్లవారి యంత్రం కిలో ఎక్కువ చూపిస్తే అది కొవ్వు అయ్యే అవకాశం లేదని ధైర్యంగా చెప్పవచ్చు. అదే విధంగా తెల్లవారి కిలో తక్కువ చూపిస్తే సంబరపడవలసింది కూడా ఏమీ లేదు.

ఈ యంత్రానికి పెట్టిన డబ్బు దండుగ కాలేదని నాకు అనిపించింది ఇక్కడే. మామూలు యంత్రం ఆ రోజు అంకెను చూపించి ఊరుకుంటుంది, మనసు దానిని నిన్నటి అంకెతో పోల్చి లేనిపోని అర్థాలు తీస్తుంది. స్మార్ట్ యంత్రపు యాప్ ప్రతి తూకాన్నీ దానంతట అదే దాచుకుని, ఏడు రోజుల సగటును ఒక రేఖగా గీస్తుంది. రోజువారీ చుక్కలు ఆ రేఖకు పైనా కిందా చెల్లాచెదురుగా పడుతుంటాయి, రేఖ మాత్రం మెల్లగా కదులుతుంది. చుక్క పైకి ఎగిరి రేఖ కదలకపోతే అది నీరు. రెండు మూడు వారాలపాటు చుక్కలు వరసగా రేఖకు పైనే పడుతూ రేఖను పైకి లాగుతుంటే ఏదో మారిందని అర్థం. ఈ మార్పును ఆహారపు చిట్టా లేకుండానే, పట్టుమని పది సెకన్ల పనితో తెలుసుకోవచ్చు. అయితే ఈ రేఖ యాప్ తొలి తెర మీద కనబడదు. తొలి తెర నిండా ఆ రోజు అంకె, దాని పక్కన నిన్నటితో తేడాను ఎర్రగానో పచ్చగానో చూపించే బాణం ఉంటాయి. సగటు రేఖ కోసం చరిత్ర విభాగంలోకి వెళ్లి, నెల వీక్షణను ఎంచుకోవాలి. వాడేవారికి మేలు చేసేదాన్ని మూడో తెర వెనుక దాచి, కలత పెట్టేదాన్ని ముందు నిలబెట్టిన ఈ అమరికను నేను పెద్ద లోపంగానే లెక్కిస్తాను. ఫోనులోని ఆరోగ్య యాప్‌కు తూకాలను పంపించే సదుపాయం ఉంది కాబట్టి, అక్కడ సగటు రేఖను చూసుకోవడం నాకు సులువైంది.

రేఖను చూస్తూ ఊరికే కూర్చుంటే లాభం లేదు, ఎప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. ఈ విషయంలో ఆధారపడదగిన ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలో పరిశోధకురాలు రీనా వింగ్ బృందం తమ శరీర బరువులో కనీసం పదో వంతు తగ్గించుకున్న 314 మందిని తీసుకుని, ఆ బరువును నిలుపుకోవడం మీద చేసిన అధ్యయనాన్ని 2006లో ప్రచురించింది. వారిని మూడు గుంపులు చేసి, రెండు గుంపులకు శిక్షణలో భాగంగా రోజూ బరువు చూసుకోవడం నేర్పి మూడు రంగుల పద్ధతిని ఇచ్చారు, మూడో గుంపుకు వార్తాలేఖలు మాత్రమే పంపారు. అధ్యయనం మొదలైనప్పటి బరువుకు సుమారు 1.4 కిలోల లోపల ఉంటే ఆకుపచ్చ, కొంచెం దాటితే పసుపు, 2.3 కిలోలు దాటితే ఎరుపు. పసుపులో చిన్న సవరణలు చేసుకోవాలి, ఎరుపులో మళ్లీ పట్టుదలగా మొదలుపెట్టాలి. ఏడాదిన్నర గడిచాక, వార్తాలేఖలు మాత్రమే అందుకున్నవారిలో 72 శాతం మంది 2.3 కిలోలు గాని అంతకంటే ఎక్కువ గాని తిరిగి పెరిగారు. ఇంటర్నెట్ ద్వారా శిక్షణ పొందినవారిలో అది 55 శాతం, ముఖాముఖి శిక్షణ పొందినవారిలో 46 శాతం. ఈ శిక్షణలో తూకం ఒక్కటే లేదు, సలహాలూ సమావేశాలూ ఉన్నాయి. అయినా శిక్షణ పొందినవారిలో రోజూ బరువు చూసుకున్నవారు తిరిగి పెరగడం తక్కువగా కనబడింది. నా యాప్‌లో ఇలాంటి మూడు రంగుల హద్దు పెట్టుకునే ఏర్పాటు లేదు. ‘లక్ష్య బరువు’ అన్న ఒకే గీత ఉంది, అది కూడా తగ్గాలనుకునేవారి కోసమే. గీతను చేరుకోగానే అభినందన తెర ఒకటి వచ్చి, వెంటనే కొత్త లక్ష్యం పెట్టుకోమంటుంది. ఉన్నచోటే ఉండాలనుకునే మనిషి కూడా ఉంటాడన్న ఊహ ఆ యాప్ తయారుచేసినవారికి రాలేదనుకుంటాను. తగ్గిన బరువును నిలుపుకోవడం తగ్గడం కంటే కష్టమని అందరూ ఒప్పుకునే ఈ రోజుల్లో ఇది ఆశ్చర్యకరమైన లోటు. నేను హద్దులను ఒక కాగితం మీద రాసి యంత్రం పైన గోడకు అంటించుకున్నాను.

బరువు కొంచెం పెరిగినప్పుడు యాప్ ఇచ్చే సలహా ఒక్కటే: రోజుకు ఇన్ని కేలరీలు తగ్గించండి, తిన్న ప్రతి పదార్థాన్నీ నమోదు చేయండి. ఈ విభాగాన్ని కొంతకాలం వాడి చూశాకే వద్దంటున్నాను. పొట్లాల మీద ముద్రించే కేలరీలు చాలావరకు పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ రూపొందించిన పద్ధతి మీద ఆధారపడ్డవి. ప్రొటీన్‌కూ పిండిపదార్థానికీ గ్రాముకు నాలుగు, కొవ్వుకు తొమ్మిది చొప్పున కట్టే సగటు లెక్క అది. ఆహారం ఏ రూపంలో ఉందన్నది దానికి పట్టదు. బాదం పప్పుల మీద 2012లో ప్రచురితమైన అధ్యయనంలో, 28 గ్రాముల పప్పుకు సుమారు 170 కిలోకేలరీలని ఆ లెక్క చెబుతుండగా శరీరానికి నిజంగా అందింది దాదాపు 129 మాత్రమేనని తేలింది. గట్టి కణగోడల లోపల ఉన్న కొవ్వు కొంత అరగకుండానే బయటికి వెళ్లిపోతుంది. ఇది ఆహారం వైపు తప్పు. మనిషి వైపు తప్పు ఇంకా పెద్దది. ఎంత తగ్గించి తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన కొందరిని పరిశీలించిన 1992 నాటి అధ్యయనంలో, వారు తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా రాశారనీ, శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగా రాశారనీ తేలింది. వారు అబద్ధాలు చెబుతున్నారని అనుకోనక్కరలేదు. పదార్థం పరిమాణాన్ని కంటితో అంచనా వేయడం అందరికీ కష్టమే. ఇంత తప్పు ఉండే చిట్టాను రాసుకుంటూ, దాని కంటే ఎన్నో రెట్లు ఖచ్చితమైన తూకపు రేఖను మూడో తెర వెనుక పెట్టుకోవడం వింతగా లేదా?

చిట్టా లేకుండా రేఖను కిందికి తేవడానికి మార్గాలు లేకపోలేదు. యాప్ వాటిని చెప్పదు గనుక ఇక్కడ చెప్పడం అవసరం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలపాటు పరిశోధనాలయంలోనే ఉంచి చేసిన ప్రయోగం 2019లో వెలువడింది. రెండు వారాలు కర్మాగారాలలో బాగా శుద్ధి చేసి తయారైన ఆహారం, రెండు వారాలు పెద్దగా శుద్ధి చేయని ఆహారం పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. మొదటి రకం తిన్నప్పుడు వారు రోజుకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాలకు 0.9 కిలో పెరిగారు. రెండో రకంతో దాదాపు అంతే తగ్గారు. ఎవరూ ఏమీ లెక్కపెట్టలేదు, తిండి మారితే ఆకలే తన లెక్కను మార్చుకుంది. నిద్ర సంగతీ ఇలాంటిదే. రోజుకు ఆరున్నర గంటల కంటే తక్కువ నిద్రపోయే 80 మంది అధిక బరువున్నవారి మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగంలో, నిద్రను గంటకు పైగా పెంచుకోవడం నేర్చుకున్నవారు రోజుకు సుమారు 270 కిలోకేలరీలు తక్కువ తీసుకున్నారు. వారికి ఆహారం గురించి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. పసుపు హద్దు దాటినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్నలు ఈ రెండే: ఈ మధ్య పొట్లాలు విప్పి తినడం ఎక్కువైందా, నిద్ర తగ్గిందా? సాధారణంగా జవాబు అక్కడే దొరుకుతుంది. దొరకనప్పుడు భోజనంలో కూరగాయల వంతు పెంచడం, ప్రతి పూటా ప్రొటీన్ ఉండేలా చూసుకోవడం, తియ్యటి పానీయాలను మానడం వంటి మార్పులను ఒక్కొక్కటిగా చేసి, రెండు వారాలు రేఖను చూస్తాను. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో రేఖ చెప్పలేదు.

ఇక ప్రకటనలలో అన్నిటికంటే పెద్ద అక్షరాలలో ఉండే కొవ్వు శాతం. దీని వెనుక ఉన్న పద్ధతిని బయోఎలక్ట్రికల్ ఇంపీడెన్స్ అంటారు. గాజు పలక మీది లోహపు పట్టీల మీద చెప్పులు లేకుండా నిలబడినప్పుడు, మనకు తెలియనంత స్వల్పమైన విద్యుత్తు ఒక పాదం గుండా ఎక్కి మరో పాదం గుండా దిగుతుంది. కండరాల వంటి కొవ్వు లేని కణజాలంలో 73 శాతం వరకు నీరే ఉంటుంది కాబట్టి దానిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది, కొవ్వులో అంత సులువుగా ప్రవహించదు. యంత్రం నిజంగా కొలిచేది ఈ నిరోధాన్ని మాత్రమే. అక్కడి నుంచి కొవ్వు శాతం దాకా వచ్చేదంతా, మనం యాప్‌లో నింపిన ఎత్తు, వయసు, లింగం, యంత్రం చూసిన బరువు, ఈ నిరోధం కలిపి ఒక సూత్రంలో వేసి రాబట్టిన అంచనా. పైగా పాదాలకు మాత్రమే పట్టీలున్న యంత్రంలో విద్యుత్తు ముఖ్యంగా కాళ్ల గుండా, నడుము కింది భాగం గుండా పోతుంది. పొట్ట పైభాగమూ ఛాతీ చేతులూ ఆ దారిలో లేవు. ఆరోగ్యరీత్యా ఎక్కువగా కనిపెట్టి ఉండవలసిన పొట్ట కొవ్వు గురించి యంత్రం చెప్పేదాంట్లో ఊహే ఎక్కువ.

ఎవరైనా ఇంట్లోనే చేసి చూడగల పరీక్ష దీన్ని బయటపెడుతుంది. యాప్‌లోని నా వివరాలలో వయసును పదేళ్లు పెంచి వెంటనే మళ్లీ నిలబడ్డాను. బరువు అదే, శరీరం అదే, కొవ్వు శాతం మాత్రం మారిపోయింది. ‘అథ్లెట్’ అన్న మీట నొక్కగానే కొవ్వు శాతం ఒక్కసారిగా కొన్ని అంకెలు కిందికి దిగింది. మీట నొక్కితే కరిగే కొవ్వు లోకంలో లేదు కదా. నీళ్లు ఎక్కువ తాగినా, చెమటోడ్చి వచ్చినా, స్నానం చేసి తడి కాళ్లతో నిలబడినా అంకె వేరుగా ఉంటుంది. ఉదయానికీ సాయంత్రానికీ పొంతన ఉండదు. ఒకే యంత్రం మీద, ఒకే వేళ, ఒకే స్థితిలో చూసుకుంటూ నెలల తరబడి సాగే దిశను గమనించేవారికి కొంత సూచన దొరకవచ్చు. కొవ్వు శాతం నిజంగా తెలియవలసిన వైద్య అవసరం ఉంటే ఎక్స్‌రేలతో శరీరంలోని కొవ్వును కొలిచే డెక్సా స్కాన్ వంటి పరీక్షలు ఉన్నాయి. ఈ గాజు పలక వాటికి ప్రత్యామ్నాయం కాదు.

కండరాల బరువు, నీటి శాతం, ఎముకల బరువు అన్నవి ఆ ఒక్క నిరోధం నుంచే పుట్టిన పిల్లలు కాబట్టి వాటి గురించి వేరుగా చెప్పేది లేదు. ఎముకల బరువు చూసి ఎముకలు గట్టిగా ఉన్నాయని మాత్రం ఎవరూ అనుకోకూడదు, ఎముకల సాంద్రతను ఈ యంత్రం కొలవదు. జీవక్రియ వయసు అన్నది అన్నిటిలోకీ పసలేనిది. విశ్రాంతిలో ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిని సూత్రంతో అంచనా వేసి, ఆ అంచనా ఏ వయసువారి సగటుకు సరిపోతుందో చూసి పెట్టే సంఖ్య అది. మురిపించడానికో భయపెట్టడానికో తప్ప మరెందుకూ కొరగాదు. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ విషయం కొంత నయం. పంతొమ్మిదో శతాబ్దంలో బెల్జియం పండితుడు కేట్లే గమనించిన నిష్పత్తికి 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం ఆ పేరు పెట్టింది. బరువూ ఎత్తూ తప్ప దానికి ఇంకేమీ అక్కరలేదు కాబట్టి ఊహకు తావు లేదు. అయితే యాప్‌లో ఆరోగ్యకరమైన హద్దుగా 18.5 నుంచి 25 వరకు పచ్చరంగు వేసి ఉంది. ఆసియా మూలాలున్నవారిలో ఇంకా తక్కువ బీఎంఐ వద్దే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని గుర్తించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంప్రదింపు 2004లో 23, 27.5 అన్న అదనపు మెట్లను సూచించింది. ఈ మెట్లను ఎంచుకునే వీలు యాప్‌లో లేదు. 24 దగ్గర పచ్చరంగు చూసి నిశ్చింతగా ఉండేవారికి ఈ సంగతి తెలియాలి.

బరువు యంత్రం చెప్పలేని విషయాన్ని చెప్పే సాధనం దర్జీల దగ్గర ఉండే టేపు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలను రూపొందించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలలో, నడుము చుట్టుకొలతను ఎత్తులో సగానికి లోపల ఉంచుకోవాలని పెద్దలకు సలహా ఇచ్చింది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక, టేపును బిగించకుండా ఆనించి కొలవాలి. పొట్ట లోపలికి పీల్చుకుని కొలిస్తే టేపు కూడా యాప్‌లాగే అబద్ధం చెబుతుంది. బరువు కదలకుండా నడుము తగ్గుతుంటే, ముఖ్యంగా వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవారిలో, కొవ్వు తగ్గి కండ పెరుగుతోందని అనుకోవడానికి ఆధారం ఉంటుంది. కొవ్వు శాతం కోసం ఖరీదైన నమూనాకు వెళదామా అని ఆలోచిస్తున్నవారు, బరువూ సగటు రేఖా ఉన్న చవకైన నమూనాను కొని పక్కన ఒక టేపు పెట్టుకుంటే మెరుగైన సమాచారం దొరుకుతుంది. నడుమును నెలకోసారి కొలిస్తే చాలు.

ఈ యంత్రం కొందరికి తగదు. శరీరంలో పేస్‌మేకర్ వంటి విద్యుత్ పరికరం ఉన్నవారు ఇంపీడెన్స్ కొలిచే యంత్రాల మీద నిలబడకూడదు, గర్భిణులు కూడా ఆ కొలతకు దూరంగా ఉండాలని తయారీదారులే చెబుతారు. ఆ కొలతను పూర్తిగా ఆపి బరువు మాత్రమే చూసే వీలు కొన్ని నమూనాలలో ఉంటుంది, నా దానిలో ఆ ఏర్పాటు యాప్ అమరికల లోపల ఉంది గాని వాడుక పుస్తకంలో దాని ప్రస్తావనే లేదు. ఇంతకంటే తక్కువగా చెప్పుకునే హెచ్చరిక మరొకటి ఉంది. ఆహారానికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవారికి, ఒకప్పుడు ఉండి కోలుకున్నవారికి, ఎదిగే వయసు పిల్లలకు రోజువారీ తూకం మేలు కంటే కీడు చేయవచ్చు. ఉదయపు అంకె ఆ రోజు మనసును శాసిస్తోందని అనిపిస్తే వారానికోసారికి తగ్గించుకోవాలి, లేదా యంత్రాన్ని పక్కన పెట్టి వైద్యుని సలహా తీసుకోవాలి. ఉద్దేశం లేకుండా బరువు తగ్గుతూ పోతే దానికి కూడా వైద్యుడినే అడగాలి. యాప్ అయితే దానికీ అభినందన తెరే చూపిస్తుంది.

మిగిలినవి క్లుప్తంగా. తెర అంకెలు పెద్దవిగా, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేలా ఉన్నాయి. ఇంట్లో పలువురు వాడితే బరువును బట్టి ఎవరో యంత్రమే గుర్తుపడుతుంది, దగ్గరి బరువులున్న ఇద్దరుంటే మాత్రం తికమకపడి ఒకరి తూకాన్ని మరొకరి ఖాతాలో వేస్తుంది, దాన్ని చేత్తో మార్చుకోవాలి. గాజు మీద తడి ఉంటే కాలు జారుతుంది. యాప్ ఖాతా తెరవమంటుంది, ఈమెయిల్ అడుగుతుంది, పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ కోసం లొకేషన్ అనుమతి కూడా కోరుతుంది. శరీరపు వివరాలు ఎవరి సర్వర్లలోనో చేరుతున్నాయన్న సంగతి పట్టించుకునేవారు పుట్టిన తేదీ సరిగ్గా ఇవ్వనక్కరలేదు, బరువు కొలతకు దానితో పని లేదు. తూకాలను ఫైలుగా బయటికి తీసుకునే వీలు ఉండడం నాకు నచ్చింది, యంత్రం మారినా పాత రేఖ మన దగ్గరే ఉంటుంది. ప్రకటనలు, ఆహార నమోదు రిమైండర్లు, వారాంతపు నివేదికలు అన్నిటినీ నోటిఫికేషన్ అమరికలలో ఒక్కొక్కటిగా ఆపుకోవలసి రావడం విసుగే గాని, ఒకసారి ఆపాక మళ్లీ తలెత్తలేదు.

కొనేముందు చూడవలసిన ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలింది. ఫోను దగ్గర లేకపోయినా బరువు యంత్రం తెర మీదే కనబడాలి, ఆ తూకాన్ని యంత్రం తనలో దాచుకుని తరువాత ఫోనుకు పంపగలగాలి. కొన్ని కొత్త నమూనాలు తెరను తీసేసి, యాప్ తెరిస్తే తప్ప ఏ అంకెనూ చూపించవు. యాప్‌కు మద్దతు ఆగిపోయిన రోజున అవి ఉత్త గాజు పలకలుగా మిగులుతాయి కాబట్టి, ఎంత చవకగా దొరికినా వాటి జోలికి పోవద్దని నా సలహా.